బసిలికా పెద్దదా, కేథడ్రల్ పెద్దదా? జంటనగరాల్లో రెండు పాత కతోలిక గుళ్ల కథ

మా పెద్దమ్మది నూజివీడు దగ్గర పల్లె. ఏటా ఫిబ్రవరిలో గుణదల కొండ ఎక్కకపోతే ఆమెకు ఆ ఏడు ఏడులా ఉండదు. కిందటి ఆగస్టులో మా ఇంటికొచ్చింది. పదిహేనో తారీకు పొద్దున్నే తలస్నానం చేసి, జపమాల చేతికి చుట్టుకుని, "ఏరా, మరియమ్మ మోక్షారోపణ పండగ కదా, మీ ఊళ్లో పెద్ద గుడికి తీసుకుపో" అంది.

పెద్ద గుడి అనేసరికి నాకు కాసేపు ఏమీ తోచలేదు. సికింద్రాబాద్ ఎస్‌డీ రోడ్డులో సెయింట్ మేరీస్ ఉంది, అది బసిలికా. గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసఫ్స్ ఉంది, అది కేథడ్రల్. పండగ మరియమాతది కాబట్టి సికింద్రాబాద్‌కే బయల్దేరాం. దారి పొడుగునా ప్రశ్నలే. బసిలికా అంటే ఏంటి? కేథడ్రల్ అంటే ఏంటి? మేత్రాణులు, అంటే బిషప్పు గారు, ఒకచోట ఉంటే బిరుదు ఇంకోచోటికి ఎందుకొచ్చింది? "అయితే రెండిట్లో ఏది పెద్దదంటావు?" ఆటోలో ఇచ్చిన జవాబు నాకే సరిపోలేదు. ఈ నగరంలో పుట్టి పెరిగిన కతోలికుల్లోనే చాలామందికి ఈ విషయం అరకొరగా తెలుసు. రోజూ ఆ గోడల పక్కనుంచి బస్సెక్కే మిగతావాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ముందు మాటల సంగతి చూద్దాం. కతోలికులు ఒక గుడినీ, దాని చుట్టూ ఉన్న విశ్వాసుల సంఘాన్నీ కలిపి విచారణ అంటారు. దాన్ని చూసుకునే ఫాదర్ విచారణ గురువు. జ్ఞానస్నానం, పెళ్లి, సమాధి, అన్నీ ఆ విచారణ రిజిస్టర్లోకే ఎక్కుతాయి. కొన్ని విచారణలు కలిస్తే మేత్రాసనం, దానికి పెద్ద మేత్రాణులు. ఆ మేత్రాణులు కూర్చుని బోధించడానికి గుళ్లో ఒక కుర్చీ ఉంటుంది. దాన్ని లాటిన్‌లో కతెద్రా అంటారు. ఆ కుర్చీ ఏ గుళ్లో ఉంటే అది కేథడ్రల్. గుడి చిన్నదా పెద్దదా, పాతదా కొత్తదా అన్నదాంతో నిమిత్తం లేదు. మన మఠాల్లో పీఠం అన్న మాట కూర్చునే చోటు నుంచి అధికారానికి ఎలా పాకిందో, ఇక్కడా అదే జరిగింది. తెలుగు కతోలికులు హైదరాబాద్‌ను అగ్రపీఠం, అంటే మేత్రాసనాల్లో పెద్దది, అంటారు. ఆ మాటలోనే కుర్చీ ఉంది.

బసిలికా దారి వేరు. రోమన్ల కాలంలో బసిలికా అంటే గుడే కాదు. తగువులు తీర్చుకోవడానికి, బేరసారాలకు జనం చేరే పొడుగాటి శాల. 4వ శతాబ్దంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలాన క్రైస్తవులు బహిరంగంగా గుళ్లు కట్టుకునే వీలు కలిగింది. అప్పటి రోమన్ దేవాలయాల నమూనా వాళ్లకు పనికిరాలేదు. అక్కడ దేవత లోపల, జనం బయట. దివ్యపూజకు జనమంతా లోపలికి రావాలి, ఒకరి గొంతు అందరికీ వినబడాలి. దానికి సభాశాల సరిపోయింది. అలా బసిలికా అన్న మాట గుడికి అంటుకుంది. కాలక్రమంలో అది పోపుగారిచ్చే గౌరవంగా మారింది. మహా బసిలికాలు నాలుగే, నాలుగూ రోములోనే. ప్రపంచంలో మిగతావన్నీ చిన్న బసిలికాలు. సెయింట్ మేరీస్‌కు ఆ గౌరవం 2008 నవంబరు 7న, 16వ బెనెడిక్ట్ పోపుగారి హయాంలో దక్కింది.

బసిలికా అయిన గుడికి కొన్ని చిహ్నాలు పెట్టుకునే హక్కు ఉంటుంది. ఎరుపు పసుపు చారలతో సగం తెరిచిన పట్టుగొడుగు, కర్రకు తగిలించిన చిన్న గంట, పోపుగారి గుర్తయిన అడ్డంగా పెట్టిన తాళంచెవులు. గొడుగు సంగతి చెప్పినప్పుడు పెద్దమ్మ మొహం విప్పారింది. దేవుడి ఊరేగింపులో గొడుగు పట్టడం మనవాళ్లకు ఒకరు నేర్పాల్సిన పని కాదు.

కాబట్టి కేథడ్రల్ అన్నది బాధ్యత, బసిలికా అన్నది బిరుదు. ఒక బళ్లో పద్మశ్రీ వచ్చిన మాస్టారున్నంత మాత్రాన ఆయన హెడ్మాస్టరు అయిపోడు. హెడ్మాస్టరు గదిలో కూర్చున్నంత మాత్రాన ఆయనకు పద్మశ్రీ రాదు. పోలిక కొంచెం మోటుగా ఉన్నా పెద్దమ్మకు ఇదే అర్థమైంది.

ఇంకో తికమక కూడా ఇక్కడే తీర్చేస్తాను. చాలామంది మెదక్ చర్చిని కూడా ఈ లెక్కలో కలిపేస్తుంటారు. 1924లో పూర్తయిన ఆ మహాకట్టడం వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించింది. అదీ కేథడ్రలే, కాని చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాది. అబిడ్స్‌లోని సెయింట్ జార్జెస్ ఆంగ్లికన్ల గుడిగా మొదలైంది. కతోలిక గుడిని గుర్తుపట్టడానికి తేలికైన ఉపాయం ఉంది. లోపలికెళ్లి బలిపీఠం వైపు చూడండి. దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో పవిత్రం చేసిన అప్పం, ఉంచే మందసం, దాని దగ్గర రాత్రీపగలూ ఆరకుండా ఒక దీపం ఉంటాయి. గోడల మీద యేసు సిలువ మోసిన దారిని చూపే సిలువమార్గం పద్నాలుగు స్థలాలు వరుసగా కనిపిస్తాయి.

ఐరిష్ గుడి

మరి ఒకే ఊరికి ఇలాంటి రెండు గుళ్లెందుకు? ఎందుకంటే అప్పుడు అది ఒకే ఊరు కాదు. 1798లో నిజాం, ఈస్టిండియా కంపెనీ సైన్య సహకార ఒప్పందం చేసుకున్నారు. ఆ కంపెనీ పటాలాల కోసం హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన వెలిసిన కంటోన్మెంటుకు 1806లో సికందర్ జా పేరు పెట్టారు. గట్టుకు ఇటు నిజాం రాజధాని, అటు తెల్లవాళ్ల దండు.

ఆ దండులో ఉన్నది ఎవరు? తెల్లవాళ్లంటే మనం ఇంగ్లీషువాళ్లే అనుకుంటాం. 19వ శతాబ్దం మొదట్లో కంపెనీ ఐరోపా సిపాయిల్లో సగానికి దగ్గరగా ఐర్లండ్ వాళ్లే. సొంతూళ్లో భూమి లేక, తిండి చాలక పటాలంలో చేరిన పేద కతోలికులు. దొరలది ఆంగ్లికన్ మతం, ఈ సిపాయిలది కతోలిక మతం. వాళ్ల వెంటే మద్రాసు సైన్యంలోని తమిళ కతోలికులూ వచ్చారు. సికింద్రాబాద్ విచారణల్లో నేటికీ తమిళ కుటుంబాలు అంతమంది ఉండటానికి మూలం అక్కడుంది.

వీళ్లకు గురువుల్ని ఎవరు పంపాలి అన్నదే పెద్ద గొడవ. వాస్కో డ గామా రోజుల నుంచి తూర్పుదేశాల తిరుసభ, అంటే కతోలిక సంఘం, మీద పోర్చుగల్ రాజుకు పద్రొవాదో అనే హక్కు ఉండేది. మేత్రాణుల్ని ఆయనే సూచించాలి, ఖర్చు ఆయనే భరించాలి. పోర్చుగల్ బలం తగ్గింది కాని హక్కు మీద పట్టు తగ్గలేదు. రోము 1622లో ప్రొపగాండా అనే సంస్థ పెట్టి తనే నేరుగా మిషనరీల్ని పంపడం మొదలుపెట్టింది. గోల్కొండ సుల్తానుల కాలంలోనే ఇటువైపు గురువులు వచ్చిపోయేవారు. వాళ్లలో ఎవరి మాట ఎవరు వినాలన్నది రెండు శతాబ్దాలు తేలలేదు. చివరికి 1838లో 16వ గ్రెగరీ పోపుగారు మైలాపూరు వంటి చోట్ల పోర్చుగల్ పెత్తనానికి కత్తెర వేశారు. ఇంగ్లీషు రాజ్యంలో పని చేయడానికి ఇంగ్లీషు వచ్చిన కతోలిక గురువులు కావాలి. రోముకు అలాంటివాళ్లు ఎక్కువగా దొరికే చోటు ఐర్లండే. మద్రాసుకు ఐరిష్ మేత్రాణులు వచ్చారు, మద్రాసు కింద ఉన్న హైదరాబాద్‌కు డేనియల్ మర్ఫీ వచ్చారు.

మర్ఫీ 1815లో కార్క్ ప్రాంతంలో పుట్టారు. 1838లో గురుపట్టం అందుకుని, కొద్దికాలానికే మద్రాసు మీదుగా దక్కనుకు వచ్చారు. 1846లో మేత్రాణుల అభిషేకం పొందారు. 1840ల్లో పని మొదలైన సెయింట్ మేరీస్ 1850లో పూర్తయింది. ఆ సంవత్సరాల్ని ఐర్లండ్ చరిత్ర పక్కన పెట్టి చూస్తే గుండె కలుక్కుమంటుంది. 1845 నుంచి బంగాళాదుంప పంట కుళ్లిపోయి అక్కడ మహా కరువు. పది లక్షల మంది దాకా చనిపోయారు, అంతకంటే ఎక్కువమంది ఓడలెక్కి దేశం వదిలారు. సరిగ్గా ఆ ఏళ్లలోనే సికింద్రాబాద్ ఎండలో ఒక ఐరిష్ గురువు మరియమాతకు గుడి లేపుతున్నారు. ఆ బెంచీల మీద మోకరిల్లిన సిపాయిల్లో ఇంటి నుంచి ఉత్తరం రాక ఎదురుచూస్తున్నవాళ్లు ఎందరుండేవారో! నాకు ఆ గుళ్లోకి అడుగుపెట్టిన ప్రతిసారీ మొదట తట్టేది ఇదే.

1851లో హైదరాబాద్ మద్రాసు నుంచి విడిపడి వేరే వికారియేట్ అయింది. పూర్తి మేత్రాసనం ఇంకా ఏర్పడని చోట పోపుగారి తరఫున నడిచే పాలన అది. మర్ఫీ దానికి మొదటి పెద్ద, ఆయన పీఠం సెయింట్ మేరీస్. అంటే ఇవాళ్టి బసిలికా ఒకప్పుడు కేథడ్రల్ పని చేసిన గుడే. మర్ఫీ తర్వాత టాస్మేనియాలోని హోబార్ట్‌కు మేత్రాణులుగా వెళ్లి, అక్కడే మొదటి అగ్రపీఠాధిపతి అయి, 1907లో తొంభై రెండేళ్ల వయసులో కన్నుమూశారు.

ఇప్పుడు గుడిని చూడండి. కిటికీలు, ద్వారాలు అన్నీ కొసదేరిన కమానులు. గోడలకు బయటినుంచి ఆనించి కట్టిన దిట్టమైన దిమ్మెలు. గోతిక్ పద్ధతి. ఆ దిమ్మెలు అలంకారం కోసం పెట్టినవి కావు. మీ రెండు అరచేతులూ తలకు పైన గుండ్రంగా కలిపి, ఎవరినైనా మీదినుంచి నొక్కమనండి. మోచేతులు పక్కలకు జారిపోతాయి. గుండ్రటి కమాను కూడా గోడల్ని అలాగే బయటికి తోస్తుంది. అదే చేతుల్ని నమస్కారంలా కొసగా కలిపి నొక్కించండి. భారం ఎక్కువగా కిందికి దిగుతుంది, పక్కకు తోపు తగ్గుతుంది. ఆ మిగిలిన తోపును బయటి దిమ్మె ఆపుతుంది. అందుకే గోతిక్ గుడి ఎత్తుగా లేవగలదు, గోడలో పెద్ద కిటికీలు పెట్టుకోగలదు.

ఐరిష్ వాళ్లు గోతిక్కే ఎందుకు పట్టుకున్నారన్నదానికి ఇంకో లోతు ఉంది. ఐర్లండ్‌లో మధ్యయుగాల నాటి పెద్ద పెద్ద గోతిక్ గుళ్లు 16వ శతాబ్దపు మతమార్పుల్లో కతోలికుల చేయిజారి ఆంగ్లికన్ సభకు పోయాయి. మూడు వందల ఏళ్లు కతోలికులు పాకల్లో, పొలాల్లో, చాటుగా పూజ చేసుకున్నారు. వాళ్ల మీదున్న ఆంక్షలు 1829 చట్టంతో చాలావరకు తొలగిపోయాయి. అప్పటినుంచి వాళ్లు మళ్లీ గోతిక్ గుళ్లు కట్టడం మొదలుపెట్టారు. పోయిన ఇంటిని మళ్లీ కట్టుకోవడం లాంటిది. ఆ ఊపులోనే ఆ కమాను సికింద్రాబాద్ చేరింది.

ఇక్కడ నాకు ముచ్చటగా అనిపించే విషయం ఇంకొకటి. కొసదేరిన కమాను హైదరాబాద్ కంటికి కొత్తది కాదు. చార్మినార్‌ది 1591 నాటి కొసకమానే. కుతుబ్‌షాహీ సమాధుల్లోనూ అదే. తీరు మాత్రం తేడా. మన కమాను భుజాలు విప్పుకుని విశాలంగా కూర్చుంటుంది, గోతిక్ కమాను ఊపిరి బిగపట్టి నిటారుగా నిలబడుతుంది. చెక్క చట్రం మీద రాళ్లు పేర్చి, చివరి రాయి బిగించి, చట్రం తీసేసే ఆ పని ఈ నేల మేస్త్రీలకు వంశపారంపర్యంగా చేతనైనదే. సెయింట్ మేరీస్‌ను ఇండో గోతిక్ అంటారు. ఆ మాటలో మొదటి సగం ఆ మేస్త్రీల చేతులదని నేననుకుంటాను.

పక్కన పునీతుల, అంటే సెయింట్ల, పేరిట చిన్న బలిపీఠాలు, నడుమ మరియమాత. ఈ గుడి పూర్తి పేరు మోక్షారోపణ మాత బసిలికా. మరియమ్మను దేవుడు ఆత్మతోపాటు శరీరంతో మోక్షానికి తీసుకున్నాడన్నది ఆ పండుగ అర్థం. చిత్రమేమిటంటే, గుడి కట్టేనాటికి అది జనం పండుగే తప్ప తప్పనిసరిగా నమ్మాల్సిన విశ్వాస సత్యంగా ఎవరూ ప్రకటించలేదు. 12వ పియస్ పోపుగారు ఆ ప్రకటన చేసింది 1950 నవంబరు 1న. సికింద్రాబాద్ గుడికి అప్పటికి వందేళ్లు నిండాయి. పేద సిపాయిలు, పల్లె ఆడవాళ్లు వందల ఏళ్లుగా పట్టుకున్న నమ్మకాన్ని రోము తర్వాత ముద్రవేసి ఖాయం చేసింది. ఆగస్టు 15 మనకు స్వాతంత్ర్య దినం కూడా కావడంతో, ఆ పొద్దున గుడి ముందు జెండాలు పట్టుకున్న పిల్లలు, జపమాలలు పట్టుకున్న ముసలమ్మలు కలిసే కనిపించారు.

ఇటలీ గుడి

మర్నాడు గన్‌ఫౌండ్రీ వెళ్లాం. స్టేట్ బ్యాంక్ దాటి చాపెల్ రోడ్డు వైపు తిరిగితే ఒక పక్క ఆల్ సెయింట్స్ స్కూలు, ఇంకో పక్క రోజరీ కాన్వెంట్, మధ్యలో సెయింట్ జోసఫ్స్ రెండు గంట గోపురాలు.

ఈ చోటి పేరు చూడండి. 18వ శతాబ్దం చివర నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ ఇక్కడ ఫిరంగులు పోతపోయించాడు. ఉర్దూలో తోప్ కా సాంచా, ఇంగ్లీషులో గన్‌ఫౌండ్రీ. మూసారాంబాగ్ పేరులో ఉన్నదీ ఆయనే. ఫిరంగుల కొలిమి ఉన్న పేట తర్వాత బడులు, కాన్వెంట్లు, గుడి ఉన్న పేటగా మారింది.

కట్టించింది ఐరిష్ వాళ్లు కాదు, మిలాన్ నుంచి వచ్చిన ఇటాలియన్లు. 1850లో, అంటే సెయింట్ మేరీస్ పూర్తయిన ఏడే, మిలాన్‌లో విదేశాలకు మిషనరీల్ని పంపడానికి ఒక సెమినరీ పెట్టారు. ఇవాళ దాన్ని పీమె సంస్థ అంటున్నారు. వాళ్ల గురువులు 1855లో హైదరాబాద్ చేరారు, క్రమంగా మొత్తం మిషన్ వాళ్ల చేతికొచ్చింది. ఫాదర్ బర్బేరో 1869లో గన్‌ఫౌండ్రీలో స్థలం కొన్నారు. ఐరిష్ గురువులు పటాలం వెంట వచ్చినవాళ్లు కాబట్టి దండులో గుడి కట్టారు. ఇటాలియన్లు నిజాం రాజధానిలోకి అడుగుపెట్టారు. అది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పసిబిడ్డగా గద్దెనెక్కి, సాలార్‌జంగ్ పాలన నడుపుతున్న సమయం.

శంకుస్థాపన 1870 మార్చి 18న జరిగింది. ఆ తేదీ వెనక ఒక సంగతుంది. మార్చి 19 పునీత జోజప్ప గారి పండుగ. సరిగ్గా దాని ముందు రోజున, ఆయన పేరిట లేవబోయే గుడికి రాయి వేశారు. అదే ఏడాది సెప్టెంబరులో ఇటలీ రాజు సైన్యం రోమును ఆక్రమించింది, పోపుగారి రాజ్యం పోయింది. డిసెంబరు 8న 9వ పియస్ పోపుగారు జోజప్పను విశ్వ తిరుసభకు సంరక్షకుడిగా ప్రకటించారు. కష్టంలో ఉన్న కుటుంబం ఇంటి పెద్దను తలుచుకున్నట్టు. ఇక్కడ గన్‌ఫౌండ్రీలో గోడలు లేస్తుంటే అక్కడ ఆ మిషనరీల సొంత దేశం తలకిందులవుతోంది. 1875 క్రిస్మస్‌కు గుడి తెరుచుకుంది. తర్వాత మేత్రాణుల కుర్చీ సికింద్రాబాద్ నుంచి ఇక్కడికి మారింది.

జోజప్ప అన్న పేరు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. జోసఫ్‌ను జోజప్ప అనుకున్నాం, జేవియర్‌ను శౌరి అనుకున్నాం. పీటర్ అంటే రాయి కదా, రాయప్ప చేసుకున్నాం. పౌలు అన్న మాటకు లాటిన్‌లో చిన్నవాడని అర్థం, అందుకే చిన్నప్ప. కృష్ణా, గుంటూరు పల్లెల్లో ఇప్పటికీ రాయప్పలు, చిన్నప్పలు, శౌరమ్మలు ఉన్నారు. మా తాత పేరు కూడా చిన్నప్పే. ఆ పేరు వెనక లాటిన్ ఉందని ఆయనకు తెలియదు. తెలిసిన గురువెవరో ఎప్పుడో తెలుగు చేసిపెట్టారు.

సెయింట్ జోసఫ్స్ గంటలు ఐదు, ఫ్లారెన్స్ నుంచి తెప్పించి 1892లో ఎక్కించారు. సెయింట్ మేరీస్ గంటలూ 1901లో ఇటలీ నుంచే వచ్చాయి. గంటకు పోసే లోహం మన కంచే. రాగి నాలుగు పాళ్లు, తగరం ఒక పాలు, కాస్త అటూ ఇటూ. తగరం పెరిగేకొద్దీ మోత బాగుంటుంది, లోహం పెళుసవుతుంది. పాతకాలపు ఫిరంగి కూడా రాగి తగరాల పోతే, కాకపోతే తగరం బాగా తక్కువ. పేలుడుకు పగలకూడదు కదా. ఐరోపాలో యుద్ధాలొచ్చినప్పుడల్లా గుడిగంటలు దించి ఫిరంగులు పోసేవాళ్లు. ఇక్కడ ఫిరంగులు పోసిన పేటలోకి గంటలు వచ్చి చేరాయి.

లోపలికి వెళితే సికింద్రాబాద్‌కూ దీనికీ తేడా తెలుస్తుంది. అక్కడ కట్టడమే ముందు మాట్లాడుతుంది. ఇక్కడ బొమ్మలు మాట్లాడతాయి. గోడల మీద బైబిలు ఘట్టాల చిత్రాలు, పునీతుల ప్రతిమలు. చదువురాని జనానికి బొమ్మే బైబిలు అన్నది ఇటలీలో నాటుకుపోయిన అలవాటు. మన పల్లెలో పటం కథ చెప్పేవాళ్లు గుడ్డ విప్పి బొమ్మ బొమ్మకూ కర్ర పెట్టి చూపించినట్టే.

అన్నిటికంటే ఎక్కువసేపు పెద్దమ్మ నిలబడింది పియెతా ముందు. మైకెలాంజిలో 1499 నాటికి చెక్కిన చలువరాతి శిల్పానికి ఇది నకలు. అసలుది రోములో పునీత పేతురు బసిలికాలో ఉంది. సిలువ మీంచి దించిన కొడుకు శవం తల్లి ఒడిలో. మైకెలాంజిలో ఏం చేశాడో దగ్గరగా చూడాలి. మరియమ్మ కుడిచెయ్యి కొడుకు చంక కింద పట్టుకుని ఉంటుంది, కాని ఆమె వేళ్లకూ ఆయన ఒంటికీ మధ్య గుడ్డ ఉంటుంది. పూజలో గురువులు పవిత్ర వస్తువును పట్టేటప్పుడు చేతికి వస్త్రం చుట్టుకుంటారు, అలా. వేళ్లు నొక్కుకున్న చోట చర్మం పొంగుతుంది. రాతిలో ఆ పొంగు చెక్కడానికి ఎంత చూపు కావాలో! ఎడమచెయ్యి దేన్నీ పట్టుకోలేదు, ఖాళీగా, అరచెయ్యి పైకి తెరుచుకుని ఉంటుంది. ఇదిగో చూడండి అన్నట్టో, ఇక నా చేతిలో ఏముంది అన్నట్టో. ఎదిగిన మగవాడి శరీరం ఒక ఆడమనిషి ఒడిలో ఇమడదు. అందుకని శిల్పి ఆమె చీరకుచ్చెళ్లలాంటి బట్ట మడతల్ని విశాలంగా పరిచి, ఆ మడతల కింద ఒడిని పెద్దది చేశాడు. ఆమె లేచి నిలబడితే కొడుకు కంటే చాలా పొడుగుంటుంది. కాని చూస్తున్నప్పుడు ఆ లెక్క ఎవరికీ తట్టదు.

"తల్లి మరీ చిన్నపిల్లలా ఉందేరా" అంది పెద్దమ్మ. ఐదు వందల ఏళ్లుగా అందరూ అడిగేది ఇదే. ముప్పై మూడేళ్ల కొడుకున్న తల్లి మొహంలో ముడత లేదు. పాపం అంటని దేహానికి వయసు అంటదని కొందరు చెప్పారు. ఆ ఒడిలో ఆమెకు ఇంకా పసివాడే కనిపిస్తున్నాడని కొందరన్నారు. నాకు రెండోదే నిజమనిపిస్తుంది. పెద్దమ్మ తన పెద్దకొడుకుని పోగొట్టుకుని పదకొండేళ్లు. ఆమెను నేను ఏమీ అడగలేదు.

ఇది నకలే కదా అని తేలిగ్గా తీసేయకూడదు. రోము వెళ్లలేనివాళ్ల దగ్గరికి రోమును తీసుకురావడానికే ఇలాంటి నకళ్లు చేయించేవాళ్లు. కాశీ వెళ్లలేనివాళ్లకు ఊళ్లో కాశీవిశ్వేశ్వరుడి గుడి ఉన్నట్టే.

కుర్చీ ఎంతదూరం

1886 సెప్టెంబరు 1న 13వ లియో పోపుగారు భారతదేశానికి క్రమమైన మేత్రాసనాల వ్యవస్థ ఏర్పరిచారు. హైదరాబాద్ వికారియేట్ మేత్రాసనమైంది. దాని హద్దు ఇప్పటి నగరంతో, ఆ మాటకొస్తే నిజాం రాజ్యంతో కూడా ఆగలేదు. బ్రిటిష్ ఆంధ్రలోని కృష్ణా ప్రాంతం కూడా దాని కిందే ఉండేది. రాజ్యాల హద్దులు వేరు, తిరుసభ హద్దులు వేరు. బెజవాడ 1933లో విడిగా మిషన్ అయింది, 1937లో మేత్రాసనమైంది. వరంగల్ 1952లో విడిపోయింది. 1953లో హైదరాబాద్ అగ్రపీఠమైంది, గోపు జోసఫ్ మార్క్ గారు మొదటి అగ్రపీఠాధిపతి. మర్ఫీతో మొదలుపెట్టి బర్బేరో, కప్రోట్టి, విగానో, విస్మారా, బెరెట్టా దాకా ఐరిష్, ఇటాలియన్ పేర్లే. వందేళ్ల తర్వాత ఆ వరసలో మన పేరు చేరింది. 2022 ఆగస్టులో అగ్రపీఠాధిపతి పూల ఆంతోని గారు కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో ఆ స్థానానికి వెళ్లిన మొదటివారు ఆయన, భారతదేశంలో దళితుల నుంచి మొదటి కార్డినల్ కూడా.

పూజ భాష కూడా ఆలస్యంగానే మారింది. 1960ల దాకా ఈ గుళ్లలో పూజ లాటిన్‌లోనే. గురువు జనానికి వీపు పెట్టి, వెనక గోడకు ఆనించిన ఎత్తైన బలిపీఠం వైపు తిరిగి ఉండేవారు. 1962 నుంచి 1965 వరకు జరిగిన రెండో వాటికన్ మహాసభ తర్వాత బలిపీఠం ముందుకొచ్చింది, గురువు జనం వైపు తిరిగారు, పూజ తెలుగైంది. పాత గుళ్లలో వెనక గోడకు ఒక బలిపీఠం, ముందు ఇంకొకటి ఎందుకున్నాయని పిల్లలు అడుగుతుంటారు. ఆ రెండింటి మధ్య ఉన్న నాలుగడుగులూ ఆ మార్పే.

ఇలాంటి గోడలున్న ఏ గుడి పెద్దలకైనా చేతులు జోడించి అడిగేది ఒకటుంది. పాతకాలపు సున్నం గోడ ఊపిరి పీలుస్తుంది. వానకు తాగిన తేమను ఎండకు వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత వేసి, ప్లాస్టిక్ రంగు కొడితే తేమ లోపలే చిక్కుకుని గోడ లోపలినుంచి పొడిపొడిగా రాలుతుంది. మా చుట్టాల ఊళ్లో ఒక పాత గుడికి జూబిలీ అని మెరిసే రంగులు వేశారు. మూడు వానాకాలాలకే పెచ్చులూడి గోడలోని రాయి బయటపడింది. డంగు సున్నం కలపడం తెలిసిన మేస్త్రీలు ఇంకా దొరుకుతారు. వెతకాలంతే.

పియెతా దగ్గరనుంచి కదిలాక మేత్రాణుల కుర్చీ చూపించాను. పెద్దమ్మ గుణదల గురించి అడిగింది. గుణదల కొండ మీద లూర్దుమాత స్వరూపం పెట్టింది 1924లో, పెట్టించింది ఇటలీ గురువు ఫాదర్ ఆర్లాటి. అప్పటికి బెజవాడ ఇంకా విడిపోలేదు. కాబట్టి ఆమె చిన్నప్పటినుంచీ ఎక్కిన ఆ కొండ మొదటి తొమ్మిదేళ్లూ ఈ కుర్చీ కిందే ఉంది.

"అయితే మా గుణదల అప్పట్లో ఈ గుడిదన్నమాట" అంది. కుర్చీ వైపు కాసేపు చూసింది. తర్వాత వెనక్కి వచ్చి ఒక బెంచీ చివర కూర్చుంది. టైమెంతైందని అడిగింది. పన్నెండు అని చెప్పాను. లేచి నిలబడి, చెంగు తలమీదికి లాక్కుని, త్రికాల జపం మొదలుపెట్టింది. ఎవరికీ వినబడనంత మెల్లగా, తెలుగులో.